ల్యాబ్ మెడిసిన్ రెసిడెంట్ల రొటేషన్: మొదటి కాగితం నుంచి సంతకం హక్కు దాకా

ల్యాబ్ మెడిసిన్‌లో శిక్షణ పొందే డాక్టర్లు, అంటే రెసిడెంట్లు, ఒక్కో సెక్షన్‌లో వంతులవారీగా పనిచేసే రొటేషన్ షెడ్యూల్ గురించి అడిగేవాళ్లందరూ దాదాపు ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు: హెమటాలజీకి ఎన్ని నెలలు, మైక్రోబయాలజీకి ఎన్ని నెలలు? జవాబు ఇస్తాను, కానీ నాలుగో అంశంలో. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీరు ఊళ్లో లేని రోజు, రాత్రి రెండు గంటలకు, ఏయే పనులు ఆ రెసిడెంట్‌కు వదిలేసి నిశ్చింతగా నిద్రపోగలరు? ఆ జాబితా చేతిలో లేకుండా నెలలు పంచితే గోడకు అంటించడానికి ఒక చార్ట్ వస్తుంది, అంతే.

శిక్షణ మొత్తం ఎంతకాలం, తప్పనిసరి పోస్టింగులు ఏవి అన్నది మీ నియంత్రణ సంస్థ చెబుతుంది. ఆ నిబంధనల కాగితం ముందుగా బల్ల మీద పెట్టుకోండి. చదివితే తెలుస్తుంది, ఆ హద్దుల లోపల మనకు మిగిలే చోటు అనుకున్నదానికంటే ఎక్కువే.

1. క్యాలెండర్ తెరవకముందే పనుల జాబితా రాయండి

చాలా సిలబస్‌లలో లక్ష్యాలు "కోయాగ్యులేషన్ పరీక్షల మీద అవగాహన" అన్న ధోరణిలో ఉంటాయి. అది చదివి ఎవరూ ఏమీ నేర్పలేరు, ఎవరినీ పరీక్షించలేరు.

అదే సంగతిని పనిగా రాయండి: "ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష) ఎక్కువగా వచ్చినప్పుడు ట్యూబ్ గీత దాకా నిండిందా, హెపారిన్ కలిసిందా చూసుకుని, మిక్సింగ్ స్టడీ (మామూలు ప్లాస్మా కలిపి మళ్లీ చూడటం) కావాలో వద్దో నిర్ణయించి, వార్డు డాక్టర్‌కు తర్వాత ఏం చేయాలో చెప్పాలి." ఏం నేర్పాలో, ఏం చూసి వచ్చిందనుకోవాలో రెండూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

ప్రతి పనిలోనూ మూడు కనబడాలి: చేతికొచ్చిన శాంపిల్ లేదా ఫలితం, దాని మీద తీసుకోవాల్సిన నిర్ణయం, ఆ నిర్ణయం ఎవరికి చేరాలి అన్నది. కొన్ని నమూనాలు:

- స్మియర్‌లో బ్లాస్టులు (ల్యుకేమియాలో కనబడే అపరిపక్వ కణాలు) కనబడితే నిర్ధారించుకుని ఆలస్యం లేకుండా వార్డుకు ఫోన్ చేయడం
- కంట్రోల్ (విలువ ముందే తెలిసిన శాంపిల్) ఫెయిలైన రన్‌ను ఆపడం, కారణం వెతకడం, అప్పటికే వెళ్లిపోయిన రిపోర్టుల సంగతి తేల్చడం
- పాజిటివ్ బ్లడ్ కల్చర్ గ్రామ్ స్టెయిన్ చదివి, అది నిజమైన ఇన్ఫెక్షనా, చర్మం నుంచి వచ్చిన కంటామినేషనా అన్నది సందర్భాన్ని బట్టి చెప్పడం
- యాంటీబాడీ స్క్రీన్ పాజిటివ్ వచ్చిన రోగికి ప్యానెల్ (ఏ యాంటీబాడీయో తేల్చే పరీక్ష) చదివి, సరిపడే యూనిట్ ఏర్పాటు చేయించడం
- ట్రాన్స్‌ఫ్యూజన్ రియాక్షన్ ఫోన్ రాగానే ఎక్కింపు ఆపించి, క్లరికల్ చెక్‌తో (పేరు, నంబరు, లేబుల్ సరిచూడటంతో) మొదలుపెట్టి విచారణ పూర్తి చేయడం
- సీరం ఎలక్ట్రోఫోరెసిస్‌లో సన్నని బ్యాండ్ కనబడితే ఇమ్యునోఫిక్సేషన్‌కు (ఆ ప్రోటీన్ రకం తేల్చే పరీక్షకు) పంపి, వ్యాఖ్యతో రిపోర్ట్ రాయడం
- కొత్త పద్ధతి వాడకంలోకి వచ్చే ముందు వెరిఫికేషన్ (అది మన ల్యాబ్‌లో సరిగా పనిచేస్తుందా అన్న పరీక్ష) ప్లాన్ చేసి, డేటా చూసి, తీసుకోవచ్చో లేదో చెప్పడం
- క్లినిషియన్ రాసిన టెస్టు ఆ ప్రశ్నకు పనికిరాదని తోచినప్పుడు, గొడవ లేకుండా చెప్పి సరైనది సూచించడం

మొత్తం ప్రోగ్రామ్‌కు 20 నుంచి 30 పనులు చాలు. వంద రాస్తే అందరూ టిక్కులు పెట్టే పనిలో పడతారు.

ప్రతి పనికీ ఐదు మెట్లు పెట్టుకోండి. వైద్య విద్యలో ఈపీఏల (నమ్మి అప్పగించదగిన పనుల) పేరుతో వాడుకలో ఉన్న పద్ధతే ఇది:

- మెట్టు 1: చూడటం మాత్రమే
- మెట్టు 2: పక్కన సీనియర్ ఉండగా చేయడం
- మెట్టు 3: సొంతంగా చేయడం, పిలిస్తే సీనియర్ వెంటనే వచ్చే ఏర్పాటుతో
- మెట్టు 4: పర్యవేక్షణ లేకుండా చేయడం
- మెట్టు 5: జూనియర్ల పనిని పర్యవేక్షించడం

ఏ ఏడాది చివరికి ఏ పని ఏ మెట్టులో ఉండాలో ప్రతి వరుస పక్కన రాయండి. అన్నీ నాలుగో మెట్టుకు చేరాల్సిన అవసరం లేదు. ఫ్లో సైటోమెట్రీ (కణాల గుర్తులను లేజర్‌తో చదివే పరీక్ష) రిపోర్ట్ రెసిడెన్సీ ముగిసేసరికి మూడో మెట్టులో ఆగినా నాకు అభ్యంతరం లేదు. క్రిటికల్ వాల్యూ (వెంటనే వార్డుకు చెప్పాల్సిన ప్రమాదకర ఫలితం) ఫోన్ మాత్రం మొదటి ఏడాదిలోనే నాలుగుకు చేరాలి.

2. మీ ల్యాబ్‌లో నిజంగా ఏం దొరుకుతుందో లెక్క తీయండి

ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నుంచి గత 12 నెలల డేటా తీయండి. మొత్తం టెస్టుల సంఖ్య మనకు అక్కర్లేదు. జాబితాలోని ఒక్కో పనికి అవకాశం ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చిందో కావాలి: ఎన్ని స్మియర్లలో బ్లాస్టులు, ఎన్ని పాజిటివ్ యాంటీబాడీ స్క్రీన్లు, ఎన్ని రియాక్షన్లు, ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎన్ని ఎం-బ్యాండ్లు (పైన చెప్పిన సన్నని బ్యాండ్లు).

ఆ అంకెను రెసిడెంట్ల సంఖ్యతో భాగించండి. ఏడాదికి పది రియాక్షన్లు వచ్చే చోట ఆరుగురు రెసిడెంట్లు ఉంటే, బ్లడ్ బ్యాంక్ పోస్టింగ్‌లో ఉన్నవాళ్లకే ఆ కేసు అంటే కుదరదు. ఎవరి పోస్టింగ్ ఎక్కడున్నా, రియాక్షన్ రాగానే వంతు ప్రకారం ఒకరిని పిలవాలి.

అరుదైనవాటికి దాచిన సరుకు తయారు చేసుకోండి. పాత స్లైడ్ల సెట్, పేరూ నంబరూ తీసేసిన ఎలక్ట్రోఫోరెసిస్ చిత్రాలు, ఫెయిలైన క్యూసీ (కంట్రోళ్లతో నాణ్యత చూసుకోవడం) చార్టులు, పాత ప్యానెల్ షీట్లు. ఇది కూర్చి పెట్టడానికి ఒకసారి శ్రమపడాలి, తర్వాత బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కు పనికొస్తుంది.

ఇవి కూడా చూసుకోండి:

- ఒక్కో బెంచ్ దగ్గర పనికి అడ్డం లేకుండా ఎంతమంది నిలబడగలరు
- మల్టీహెడ్ మైక్రోస్కోప్ ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది
- ప్రతి సెక్షన్‌లో నేర్పడానికి ఒప్పుకున్న కన్సల్టెంట్ ఎవరు, వారానికి ఎన్ని గంటలు ఇస్తారు
- నేర్పే అలవాటున్న సీనియర్ టెక్నాలజిస్ట్ ఎవరు
- మీ దగ్గర అసలు లేనిది ఏది, దానికి బయట ఎక్కడికి పంపాలి

టెక్నాలజిస్ట్ పేరు కాగితం మీద రాయడం చిన్న విషయం అనిపిస్తుంది. బెంచ్ దగ్గర మొదటి నెలలో రెసిడెంట్ నేర్చుకునేదాంట్లో పెద్ద వాటా వాళ్లదే. ముందుగా అడగకుండా, వాళ్ల పనిలో ఆ సమయాన్ని లెక్కగట్టకుండా రెసిడెంట్‌ను తీసుకెళ్లి వదిలేస్తే ఇద్దరికీ చిరాకే.

3. ఏ బెంచ్ పని ఎంత సమయం తీసుకుంటుందో చూసి కాలాన్ని కోయండి

రొటేషన్లు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. అన్ని సెక్షన్లకూ సమానంగా నెలలు పంచితే న్యాయంగా కనబడుతుంది. కానీ శాంపిల్ ఒక సెక్షన్‌లో గంటలో తేలిపోతుంది, ఇంకోచోట మూడు రోజులు, మరోచోట ఆరు వారాలు పడుతుంది.

బ్యాక్టీరియాలజీ తీసుకోండి. సంప్రదాయ పద్ధతిలో, బ్లడ్ కల్చర్ బాటిల్ సోమవారం పొద్దున పాజిటివ్ అయితే అదే రోజు గ్రామ్ స్టెయిన్, ఫోన్, సబ్‌కల్చర్. మంగళవారం ప్లేట్ మీద కాలనీలు, ఐడెంటిఫికేషన్, ససెప్టిబిలిటీ పెట్టడం. బుధవారం జోన్లు చదవడం, రిపోర్ట్. అదే రెసిడెంట్ మంగళవారం సెమినార్‌కూ బుధవారం వేరే డ్యూటీకీ వెళ్తే ఒక్క కేసును కూడా మొదటి నుంచి చివరిదాకా చూడడు. అందుకే ఇక్కడ వరుసగా కనీసం నాలుగు వారాల అఖండ బ్లాక్ ఇవ్వాలి, వారాంతంలో ప్లేట్లు చదివే వంతు కూడా కలిపి.

టీబీ కల్చర్ దీనికి లొంగదు. లిక్విడ్ మీడియంలో నెగెటివ్ అని చెప్పడానికి ఆరు వారాలు, సాలిడ్ మీడియంలో ఎనిమిది వారాలు ఆగాలి. దానికోసం బ్లాక్ పెంచకండి. పోస్టింగ్ మొదటి వారంలోనే రెసిడెంట్‌కు కొన్ని శాంపిళ్లు అప్పగించి, తర్వాత ఎక్కడ పోస్టింగ్‌లో ఉన్నా వాటి ఫలితాన్ని వెంటాడి రిపోర్ట్ దాకా తెచ్చే బాధ్యత పెట్టండి.

స్మియర్ చదవడం మరో రకం. వరుసగా రెండు నెలలు రోజంతా చూసి, తర్వాత ఏడాది పాటు ముట్టుకోకపోతే కన్ను మొద్దుబారుతుంది. మొదటి బ్లాక్ తర్వాత కూడా మిగతా పోస్టింగుల్లో వారానికి ఒక మధ్యాహ్నం స్మియర్లకు కేటాయించండి.

క్లినికల్ కెమిస్ట్రీలో యంత్రమే అంతా చేసేస్తుంది, అందుకే రెసిడెంట్లు పదింటికి వచ్చి "ఇక్కడ చూడ్డానికి ఏముంది" అంటారు. అసలు పాఠం వాళ్లు రాకముందే అయిపోయి ఉంటుంది. క్యాలిబ్రేషన్, క్యూసీ, రియేజెంట్ లాట్ మార్పు అన్నీ పొద్దున్నే. ఈ పోస్టింగ్‌కు డ్యూటీ వేళలు యంత్రం మొదలయ్యే సమయంతో కలవాలి.

బ్లడ్ బ్యాంక్‌లో కేసు ఎప్పుడు వస్తుందో తెలియదు, రాత్రిళ్లు కూడా రావచ్చు. పగటి బ్లాక్ పునాది మాత్రమే, మిగతాది ఆన్‌కాల్‌లో జరగాలి. మాలిక్యులర్ బెంచ్ బ్యాచ్‌ల మీద నడుస్తుంది కాబట్టి రన్ ఉన్న రోజులకు రెసిడెంట్ వంతు కట్టండి, లేకపోతే సగం రోజులు ఖాళీ కుర్చీ.

క్వాలిటీ, మేనేజ్‌మెంట్ పనులకు విడిగా రెండు వారాలు ఇచ్చి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. ఆడిట్ రోజున ఫైళ్లు మోయడమే మిగులుతుంది. మూడేళ్లూ నడిచే పనిగా ఇవ్వండి: ఒక్కో రెసిడెంట్‌కు ఏడాదికి ఒక వెరిఫికేషన్, ఒక బయటి నాణ్యతా పరీక్ష వైఫల్యం మీద విచారణ, ఒక ఇంటర్నల్ ఆడిట్. వెరిఫికేషన్ చిన్నదే చాలు. సీఎల్ఎస్ఐ (ల్యాబ్ ప్రమాణాలు రాసే సంస్థ) పద్ధతిలో ప్రెసిషన్‌ను, అంటే మళ్లీ మళ్లీ నడిపితే ఒకే ఫలితం వస్తుందా అన్నదాన్ని చూడటానికి రోజుకు ఐదుసార్ల చొప్పున ఐదు రోజులు, పాత పద్ధతితో పోల్చడానికి కనీసం 40 రోగుల శాంపిళ్లు. ఏ పోస్టింగ్ లోపలైనా ఇమిడిపోతుంది.

4. వరుస పేర్చండి

ఇప్పుడు నెలలు. 36 నెలల ప్రోగ్రామ్‌కు నేనైతే ఇలా పంచుతాను:

- ఆరంభ నెల, అంటే ఫ్లెబాటమీ, శాంపిల్ రిసెప్షన్, బయోసేఫ్టీ, సాఫ్ట్‌వేర్, క్యూసీ మూలాలు: 1
- హెమటాలజీ, కోయాగ్యులేషన్: 6
- క్లినికల్ కెమిస్ట్రీ, ఇమ్యునోఅస్సే, యూరిన్, బాడీ ఫ్లూయిడ్లు: 6
- మైక్రోబయాలజీ అన్ని విభాగాలతో: 7
- ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్: 4
- మాలిక్యులర్, ఫ్లో, సైటోజెనెటిక్స్: 3
- ల్యాబ్ మేనేజ్‌మెంట్‌లో చీఫ్‌తో కలిసి పనిచేయడం: 2
- ఎలక్టివ్ లేదా బయటి పోస్టింగ్, థీసిస్: 3
- చివరి చుట్టు, అంటే అన్ని సెక్షన్లలో సైన్‌అవుట్ (రిపోర్ట్ ఖరారు చేసి సంతకం పెట్టే) బాధ్యతతో: 4

పెద్ద సెక్షన్లను ఒకే ముక్కగా ఇవ్వకండి. హెమటాలజీ ఆరు నెలలను మొదటి ఏడాది మూడు, రెండో ఏడాది మూడుగా విడగొట్టండి. మొదటి చుట్టు బెంచ్ కోసం, రెండో చుట్టు నిర్ణయాల కోసం. రెండో చుట్టులో మళ్లీ బెంచ్ దగ్గరే నిలబెడితే ఎక్కడి గొంగళి అక్కడే.

ఆరంభ నెలను ఎవరి ఒత్తిడి వచ్చినా తగ్గించకండి. ల్యాబ్ తప్పుల్లో ఎక్కువ భాగం శాంపిల్ యంత్రంలోకి వెళ్లకముందే జరుగుతాయి. వైద్యుడు వచ్చి ట్యూబుల మీద బార్‌కోడ్లు అంటించడం ఏమిటని కొందరు మొహం చిట్లిస్తారు. గడ్డకట్టిన ఈడీటీఏ ట్యూబును, సగం నిండిన సిట్రేట్ ట్యూబును (రెండూ రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనాలు) చేత్తో పట్టుకుని తిరస్కరించినవాళ్లకు తర్వాత స్క్రీన్ మీద వింత అంకె కనబడితే ముందుగా ట్యూబే గుర్తొస్తుంది.

వరుసలో కొన్ని షరతులు:

- బ్లడ్ బ్యాంక్ మొదటి బ్లాక్ పూర్తి కాకుండా రాత్రి ఆన్‌కాల్ వద్దు
- హెమటాలజీ మొదటి చుట్టు అయ్యాకే ఫ్లో సైటోమెట్రీ
- బ్యాక్టీరియాలజీ తర్వాతే మాలిక్యులర్ మైక్రోబయాలజీ
- ఒక బెంచ్ దగ్గర ఒకే మెట్టులో ఉన్నవాళ్లు ఇద్దరికి మించి వద్దు, వీలైతే ఒక జూనియర్, ఒక సీనియర్
- పోస్టింగ్ మార్పు అందరికీ ఒకే రోజున పెట్టకండి, సగం మంది వారం తేడాతో మారితే అప్పగింతలు సజావుగా సాగుతాయి

5. వారాన్ని రూపొందించండి: కెమిస్ట్రీ ఉదాహరణ

షెడ్యూల్‌లో "కెమిస్ట్రీ, 3 నెలలు" అని రాసి ఊరుకుంటే లోపల ఏం జరగాలో ఎవరికీ తెలియదు. మొదటి నెల పనిదినం ఇలా ఉండొచ్చు.

పొద్దున: టెక్నాలజిస్ట్‌తో పాటు క్యూసీ. రిపోర్టులు విడుదల చేయవచ్చా లేదా అన్న మాట రెసిడెంట్ నోటి నుంచి రావాలి, కారణంతో సహా.

మధ్యాహ్నం ముందు: విడుదలకు ముందు సరిచూడటానికి ఆగిన ఫలితాలు. డెల్టా చెక్ (అదే రోగి పాత ఫలితంతో పెద్ద తేడా), క్రిటికల్ వాల్యూలు, ఇండెక్స్ ఫ్లాగులు (హిమోలిసిస్ లాంటి శాంపిల్ లోపాల హెచ్చరికలు) ఉన్నవి రెసిడెంట్ వరుసకే రావాలి.

మధ్యాహ్నం తర్వాత: అరగంట కన్సల్టెంట్‌తో ఆ రోజు కేసులు రెండు, ఎక్కువ వద్దు.

కేసు చర్చ ఎలా నడవాలో ఒకటి దగ్గరగా చూద్దాం. స్క్రీన్ మీద పొటాషియం 8.4, కాల్షియం 4.9, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అసాధారణంగా తక్కువ. రోగి ఔట్‌పేషెంట్, నడుచుకుంటూ వచ్చాడు. హిమోలిసిస్ ఇండెక్స్ మామూలుగా ఉంది, అంటే ఎర్రకణాలు పగలలేదు. కొత్త రెసిడెంట్ క్రిటికల్ వాల్యూ అని ఫోన్ ఎత్తుతాడు. "ఈ మూడూ కలిసి ఎప్పుడొస్తాయి?" అని మాత్రం అడిగి ఊరుకోండి. కాసేపటికి ఈడీటీఏ దగ్గరికి వస్తాడు: దాని ఉప్పులోని పొటాషియం ఫలితాన్ని పెంచింది, కాల్షియాన్ని అదే పట్టుకుంది, ఎంజైమ్‌కు కావాల్సిన లోహ అయాన్లనూ లాగేసుకుంది. తర్వాతి ప్రశ్న ఇంకా ముఖ్యం: "ఇప్పుడు ఎవరికి ఏం చెబుతావు?" రిపోర్ట్ ఆపడం, కొత్త శాంపిల్ అడగడం, ఆ రక్తం తీసినవాళ్లకు ఏ ట్యూబ్ ముందో ఏది తర్వాతో గుర్తుచేయడం. చివరిది చాలామంది వదిలేస్తారు.

ఇలాంటివి సెక్షన్‌కు పది చొప్పున సిద్ధం చేసుకోండి. ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) 45 దాటి ఆర్‌బీసీ కౌంట్ పడిపోయిన శాంపిల్‌ను 37 డిగ్రీలకు వేడిచేసి మళ్లీ నడిపితే సర్దుకోవడం, అంటే కోల్డ్ అగ్లుటినిన్ (చల్లదనంలో ఎర్రకణాలను గుంపులు చేసే యాంటీబాడీ). ప్లేట్‌లెట్లు తక్కువని వచ్చి స్మియర్‌లో గుంపులు కనబడటం. బయోటిన్ మాత్రలు వేసుకున్న రోగికి, బయోటిన్ ఆధారిత అస్సేలలో టీఎస్‌హెచ్ తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా వచ్చి థైరాయిడ్ జబ్బులా కనబడటం. హుక్ ఎఫెక్ట్‌తో (హార్మోన్ మరీ ఎక్కువై పరీక్ష తప్పుగా తక్కువ చూపడంతో) తక్కువగా వచ్చిన ప్రొలాక్టిన్ డైల్యూషన్ చేస్తే ఎగబాకడం.

6. సంతకం హక్కును మెట్లుగా ఇవ్వండి

ఏ రిపోర్టును ఎవరు విడుదల చేయవచ్చో నోటిమాటగా నడిస్తే ప్రమాదం. వైద్య ల్యాబ్‌ల ప్రమాణమైన ఐఎస్ఓ 15189:2022 ప్రకారం సిబ్బంది సామర్థ్యాన్ని అంచనా వేసి, ఎవరికి ఏ పనికి అధికారం ఇచ్చారో రాతలో ఉంచాలి. రెసిడెంట్లకూ అదే పాటించండి.

మంచి పద్ధతి: ప్రతి పనికీ ఒక పేజీ. మెట్టు ఎప్పుడు పెరిగింది, ఎవరు చూసి పెంచారు, ఏ ఆధారంతో. నాలుగో మెట్టు వచ్చిన రోజునే సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ హక్కు మార్చాలి. కాగితం మీద హక్కు ఇచ్చి లాగిన్ ఇవ్వకపోతే రెసిడెంట్ కన్సల్టెంట్ పాస్‌వర్డ్ అడిగి వాడతాడు. ఆ అలవాటు ఒకసారి పడిందా, ఏ రిపోర్ట్ ఎవరు చూశారో ఇక తేలదు.

హక్కు వెనక్కి తీసుకునే దారి కూడా ముందే రాసి ఉంచండి. ఆర్నెల్లు ఆ బెంచ్ ముట్టుకోనివాళ్లు తిరిగొస్తే మూడో మెట్టు నుంచి మొదలు. ఇది శిక్ష కాదని ముందే చెబితే టెన్షన్ ఉండదు.

7. మూల్యాంకనం చిన్నదిగా, తరచుగా

పోస్టింగ్ చివరి రోజు మూకుమ్మడి వైవా పెట్టి చేతులు దులుపుకుంటే, తెలిసిన లోపాన్ని సరిదిద్దే సమయం ఉండదు. వారానికి ఒక పరిశీలన, పది నిమిషాలు, మూడు వాక్యాల రాత చాలు: ఏం చేశారు, ఏది బాగుంది, తర్వాతిసారి ఏం మార్చాలి. నెలన్నర దగ్గర ఒక మధ్యంతర సమావేశం తప్పనిసరి.

లాగ్‌బుక్ విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయం. "స్మియర్లు 200, మ్యారోలు (ఎముక మజ్జ) 30" అన్న అంకెలు హాజరు మాత్రమే చెబుతాయి. దానికి బదులు నిర్ణయాలు రాయించండి: ఏం అనుకున్నాను, చివరికి ఏం తేలింది, తేడా ఎందుకు వచ్చింది. నెలకు ఎనిమిది పది ఎంట్రీలు చాలు.

డిఫరెన్షియల్ కౌంట్ (తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో) పోల్చి మార్కులు వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 100 కణాలు లెక్కిస్తే 10 శాతం అని వచ్చిన మోనోసైట్లు నిజానికి సుమారు 5 నుంచి 18 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కన్సల్టెంట్‌కు 7, రెసిడెంట్‌కు 13 వచ్చిందని కోప్పడితే అది గణితాన్ని కోప్పడటమే. కనీసం 200 కణాలు లెక్కించండి, మ్యారో అయితే 500. అసలు చూడాల్సింది ఏ కణాన్ని ఏమని పిలిచారన్నది. అందుకు ఒకే ఫీల్డ్‌ను ఇద్దరూ విడివిడిగా చూసి పోల్చుకోవాలి.

టెక్నాలజిస్టుల అభిప్రాయం కూడా రాతలో తీసుకోండి. ఫోన్ ఎలా మాట్లాడతారు, రన్ మధ్యలో సమస్య వస్తే నిలబడతారా జారుకుంటారా అన్నది కన్సల్టెంట్‌కు కనబడదు.

8. నైట్ డ్యూటీ, సెలవులు, అప్పగింత

ఆన్‌కాల్‌లోకి దించే ముందు ఇవన్నీ మూడో మెట్టులో ఉండాలి:

- క్రిటికల్ వాల్యూ ఫోన్, విన్నవారి చేత తిరిగి చెప్పించుకోవడంతో
- అత్యవసర క్రాస్‌మ్యాచ్, గ్రూప్ తెలియకుండా రక్తం ఇవ్వాల్సి వచ్చినప్పుడు నడవాల్సిన దారి
- మ్యాసివ్ ట్రాన్స్‌ఫ్యూజన్ ప్రోటోకాల్ మొదలుపెట్టడం, ఆపడం
- ట్రాన్స్‌ఫ్యూజన్ రియాక్షన్ మొదటి గంట
- సీఎస్ఎఫ్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) కౌంట్, గ్రామ్ స్టెయిన్
- యంత్రం ఆగిపోతే బ్యాకప్ ఏర్పాటు

నైట్ డ్యూటీ మరుసటి రోజు బెంచ్‌కు రమ్మనకండి. ఆ రోజు ఉండదని ముందే లెక్కగట్టి బ్లాక్ పొడవు నిర్ణయించండి. మూడు నెలల పోస్టింగ్ కాగితం మీద 13 వారాలు, నైట్ డ్యూటీల మర్నాళ్లు, సెలవులు, పరీక్షలు తీసేశాక నిజంగా ఎన్ని వస్తాయో ఒకసారి లెక్కేసి చూడండి.

పోస్టింగ్‌లో నాలుగో వంతుకు మించి పోతే పొడిగించాలి లేదా ఎలక్టివ్ నెలల నుంచి పూడ్చాలి. ఈ నియమం మొదటి రోజే అందరికీ తెలిసుండాలి. తర్వాత చెబితే ఆ ఒక్కరి మీద కక్షలా కనబడుతుంది.

అప్పగింత కాగితంలో నాలుగు గడులు చాలు: ఆగి ఉన్న శాంపిళ్లు, ఎవరికి ఏం మాట ఇచ్చాం, సమస్య ఉన్న యంత్రం లేదా లాట్, ఉదయం మొదట చూడాల్సినది.

9. తరచూ కనబడే తప్పులు, సరిచేసే మార్గాలు

ప్రేక్షకుడిగా మిగలడం. రెసిడెంట్ బెంచ్ వెనక నిలబడి చూస్తుంటాడు, పని అంతా టెక్నాలజిస్టే చేస్తాడు. మందు: రెండో వారం నుంచి రోజుకు కొన్ని శాంపిళ్లు రెసిడెంట్ పేరు మీదే ఉండాలి, మొదటి నుంచి రిపోర్ట్ దాకా.

దానికి పూర్తి వ్యతిరేకం: అదనపు చేతులుగా మారడం. మనుషులు తక్కువైనప్పుడు రెసిడెంట్ చేత టైపింగ్, శాంపిల్ సార్టింగ్ చేయిస్తారు. ఒకటి రెండు రోజులు తప్పదు. వారాల తరబడి అయితే ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ కలగజేసుకోవాలి. అందుకే ఆ కోఆర్డినేటర్ ఆ సెక్షన్ హెడ్ కాకూడదు.

కంట్రోల్ పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ నడపడం. బెంచ్ దగ్గర అందరూ అలా చేస్తుంటే రెసిడెంట్ అదే పద్ధతి అనుకుంటాడు. ఫెయిలైన ప్రతిసారీ నియమం పేరు చెప్పించండి. ఒకటి సగటు నుంచి 3 ఎస్‌డీ (ప్రామాణిక విచలనాలు) దాటిందా? వరుసగా రెండు ఒకే వైపు 2 ఎస్‌డీ దాటాయా? అయితే క్యాలిబ్రేషన్, రియేజెంట్ వైపు చూడాలి. ఒకే రన్‌లో ఒకటి పైకి, ఒకటి కిందకి 2 ఎస్‌డీ దాటి విడిపోయాయా? అయితే బుడగ, పిపెటింగ్, శాంపిల్ ప్రోబ్. నియమం చెప్పాకే కంట్రోల్ మీద చేయి వేయాలి.

కన్సల్టెంట్‌ను బట్టి పోస్టింగ్ మారిపోవడం. ఒకరు రోజూ గంట నేర్పుతారు, ఇంకొకరు తూతూ మంత్రంగా సంతకం పెడతారు. ఒక్కో పోస్టింగ్‌కు రెండు పేజీల ప్యాకెట్ ఉంటే ఈ తేడా కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు.

పరీక్ష ముందు అందరూ లైబ్రరీలో మాయం కావడం. చివరి నెలల్లో కొత్త బెంచ్ పెట్టకండి. చివరి చుట్టులోని సైన్‌అవుట్ పనే పరీక్షకు మంచి తయారీ.

వార్డుకు దూరం. క్లినిషియన్‌తో మాట్లాడకుండానే మూడేళ్లు గడిచిపోవచ్చు. వారానికోసారి ఇన్ఫెక్షియస్ డిసీజ్ లేదా హెమటాలజీ రౌండ్‌కు పంపండి, తిరిగొచ్చాక ఒక్క ప్రశ్న అడగండి: మన రిపోర్టులో వాళ్లకు అర్థం కానిది ఏది?

10. పోస్టింగ్ ప్యాకెట్: చెక్‌లిస్ట్

మొదటి రోజు రెసిడెంట్ చేతిలో:

- ఈ పోస్టింగ్‌లో చేరుకోవాల్సిన పనులు, మెట్లు
- రోజువారీ వేళలు, పొద్దున ఎన్నింటికి ఎవరిని కలవాలి
- చదవాల్సిన ఎస్‌ఓపీలు (రాతలో ఉన్న పని పద్ధతులు), ఐదారుకు మించకుండా
- సేఫ్టీ: స్పిల్, నీడిల్ గుచ్చుకోవడం, టీకాల రికార్డు
- సాఫ్ట్‌వేర్ లాగిన్, దాని హద్దులు
- ఎప్పుడు తప్పక పిలవాలి అన్న జాబితా, ఫోన్ నంబర్లతో

చివరి వారంలో కోఆర్డినేటర్ చేతిలో:

- ప్రతి పనికి మెట్టు, ఆధారం
- చూడలేకపోయిన కేసులు, వాటిని ఎక్కడ పూడ్చాలి
- రెసిడెంట్ ఈ పోస్టింగ్ గురించి రాసిన అరపేజీ
- ఇంకా ఆగి ఉన్న కల్చర్లు, వెరిఫికేషన్ పనుల అప్పగింత

"ఎప్పుడు తప్పక పిలవాలి" జాబితా మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. పిలిస్తే తిట్లు పడతాయన్న భయం ఉన్న చోట ఏ మెట్ల పద్ధతీ నడవదు.

11. ఆరు నెలలకు రొటేషన్‌నే పరీక్షించండి

పనుల పట్టికను అందరు రెసిడెంట్లకూ కలిపి ఒకే షీట్‌లో వేయండి. ఒక రెసిడెంట్ అన్ని వరుసల్లోనూ వెనకబడితే అది ఆ వ్యక్తి సమస్య. ఒకే పనిలో అందరూ వెనకబడితే అది మీ పోస్టింగ్ సమస్య, రెసిడెంట్లను పిలిచి మందలించి లాభం లేదు. కేసులు రావడం లేదా, వచ్చినా రెసిడెంట్‌ను పిలవడం లేదా, నేర్పేవాళ్లు లేరా అన్నది విడివిడిగా చూడండి. మొదటిదానికి దాచిన కేసులు, రెండోదానికి పిలిచే వంతు జాబితా, మూడోదానికి డిపార్ట్‌మెంట్ హెడ్‌తో సూటిగా మాట్లాడటం.

మార్పులు ఒక్కసారిగా అన్నీ చేయకండి. బ్లాక్ పొడవు, వరుస లాంటివి కొత్త బ్యాచ్ నుంచే అమలు చేయండి. మధ్యలో ఉన్నవాళ్లకు పాత ప్లాన్‌నే కొనసాగించి, వాళ్లు కోల్పోయినదాన్ని చివరి చుట్టులో కలపండి. ప్యాకెట్‌లో పదాలు, వేళలు, ఫోన్ నంబర్లు మాత్రం తప్పని తెలిసిన రోజే దిద్దేయండి.